ఖైరున్ ఇంటి గోడ మీద చెంబెడు నీళ్ళు

ఖైరున్ పోర్చుగల్‌లో రాతి ఇల్లు కొంటోందని తెలిసినప్పుడు నాకు సంతోషం కలగలేదు. ఒళ్ళు మండింది. ఇరవై ఎనిమిదేళ్ళు కర్నూలు, కడప జిల్లాల్లో ఊరూరా తిరిగి జనాల ఇళ్ళు చూసి, ఏ గోడ ఎన్నాళ్ళు నిలుస్తుందో, ఏ ఇల్లు కొనదగినదో చెప్పడమే పనిగా బతికినదాన్ని. చివరికి నాకు దక్కింది కర్నూల్లో రెండో అంతస్తులో ఒక ఫ్లాటు. పక్కింటాయన తుమ్మితే మా వంటింట్లో వినిపిస్తుంది. నా కింద నాలుగేళ్ళు ప్లాన్లు గీసిన పిల్ల మాత్రం కొండ మీద, రెండడుగుల మందం రాతి గోడల మధ్య కూర్చుని కాఫీ తాగబోతోంది. మండదా మరి?

ఇళ్ళ విలువ కట్టే పనిలోకి కొత్తగా వస్తున్న ఇంజనీరు పిల్లలు కొందరు "మేడం, మీ అనుభవాలు రాయండి" అని వెంటపడుతున్నారు. ఏ ఫారం ఎలా నింపాలో వాళ్ళకు నాకంటే బాగా తెలుసు. ప్రమోషన్లు ఎలా వస్తాయో నాకు ఇప్పటికీ తెలియదు. కాబట్టి ఆ రెండూ వదిలేస్తున్నాను. మోకాళ్ళు అరిగి యాభై నాలుగేళ్ళకే స్వచ్ఛందంగా రిటైరయ్యాను, కనుక నన్ను నేను పొగుడుకునే వయసు కూడా ఇంకా రాలేదు. మూడు ఇళ్ళ గురించి చెబుతాను. రెండు మన జిల్లాల్లోవి, మూడోది ఖైరున్‌ది. మూడింటి దగ్గరా తప్పు చేసింది నేనే.

అసలు పని

ఇంటి విలువ కట్టడమంటే టేపు పట్టుకుని పొడవూ వెడల్పూ కొలవడం అనుకుంటారు. అది ఎవరైనా చేస్తారు. ఇంటివాళ్ళు మీకు ముందు గది చూపిస్తారు. కొత్త రంగు, కొత్త టైల్సు, గోడకు దేవుడి పటాలు. మీరు వినయంగా తలాడించి వంటింటి వెనక్కి పోవాలి. గిన్నెలు తోమే జాలాడి నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో చూడాలి. గోడ అడుగున మూరెడు ఎత్తు వరకు చెయ్యి ఆనించి చూడాలి. అబద్ధాలన్నీ పైన ఉంటాయి. గోడ ఆరోగ్యం ఆ మూరెడులోనే తెలిసిపోతుంది.

మన ప్రాంతంలో పాత ఇళ్ళంటే రాతి గోడలు, పైన దూలాలు, వాటి మీద నాపబండలు, ఆపైన చౌడుమట్టి. వేలి కణుపుతో బండను కొట్టి చూడండి. మంచిదైతే ఖంగుమంటుంది. లోపల పొర విడిపోతే చప్పగా పలుకుతుంది. ఇది పుస్తకంలో లేదు. ఇంకోటి కూడా లేదు: మజ్జిగ ఇస్తారు, పని అయ్యేదాకా తాగకండి. వాళ్ళ మజ్జిగ తాగాక వాళ్ళ గోడకు బీట ఉందని చెప్పడం ఎంత కష్టమో, తాగినవాళ్ళకే తెలుసు.

ఆలూరు మిద్దె

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆలూరులో ఉరుకుందమ్మ అనే ఆమె ఇల్లు చూడటానికి పోయాను. నలభై ఏళ్ళ మనిషి, భర్త లేడు. వేరుశనగ నూనె ఆడే మిల్లు పెట్టాలని ఆ ఇంటి మీద బ్యాంకు అప్పు అడిగింది. ఆ ఇంటి విలువ నేను చెప్పాలి.

బయట ఏప్రిల్ ఎండ. గడప దాటి లోపల అడుగు పెట్టగానే కొత్త కుండలో చెయ్యి పెట్టినట్టనిపించింది. నల్లరాతి గోడలు. పైకప్పులోని గవాచి కంత నుంచి ఒకే ఒక్క వెలుతురు స్తంభం నేల మీదికి దిగి ఉంది. గోడ వెంబడి నున్నగా అరిగిన రాతి అరుగు. దాని మీద కూర్చున్నాను, లేవబుద్ధి కాలేదు. అప్పుడు మేము రేకుల కప్పు కింద అద్దెకుంటున్నాం. ఇంత మంచి ఇల్లు ఈమెకు ఎందుకనిపించింది. ఈమెకు ఎందుకు అంటే, నాకు ఎందుకు లేదు అని.

ఆఫీసుకొచ్చి రిపోర్టు రాశాను. దూలాలకు చెద పట్టిందన్నాను. పడమటి గోడ ఒరిగిందన్నాను. విలువ బాగా తగ్గించాను. అప్పు రాకపోతే ఆమె ఇల్లు అమ్ముతుందేమో, అప్పుడు మనం అడగొచ్చని మా ఆయనతో అన్నాను కూడా. ఈ మాట ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, ఎందుకంటే ఇలాంటిది మీకూ జరుగుతుంది.

మా పైఅధికారి రంగారెడ్డి సారు. కోపం రాని మనిషి, అందుకే అందరికీ భయం. రిపోర్టు చదివి కళ్ళద్దాలు తీశాడు.

"ఏమ్మా నాగవేణీ, చెదలు యాడ చూసినావు?"

"దూలాల్లో సార్."

"చేత్తో ముట్టినావా?"

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని బస్సులో ఆలూరు వచ్చాడు. నిచ్చెన వేయించి, ఆ వయసులో తనే ఎక్కి దూలాన్ని చాకుతో గీకాడు. పొయ్యి పొగ తప్ప ఏమీ లేదు. కింద ఉరుకుందమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏం సారూ, చెదలుండాయని ఈయమ్మ రాసిందంటనే. యాడుండాయో నాకూ చూపియ్యమను. ఈ ఇంట్లోనే పుట్టినా, నలభై ఏండ్లయింది, నాకైతే కనపడల్యా."

వచ్చేటప్పుడు బస్సులో సారు నా నోటుబుక్కు తీసుకుని కొత్త పేజీ తిప్పి నా చేతికిచ్చాడు. "పైన రాయి. ఈ ఇల్లు నాకు కావాల."

"సార్..."

"రాసి సంతకం పెట్టు. ఇంక ఏ ఇంటికి పోయినా మొదటి లైను ఇదే. నీకు కావాల్నంటే కావాలని, కంటగింపు అయితే కంటగింపని. అది పైన రాసుకుంటే కింద అబద్ధం రాయడానికి చెయ్యి రాదు."

ఆ రోజు ఆయన్ని మనసులో తిట్టుకున్నాను. నలుగురిలో పరువు తీశాడని. తర్వాత ఇరవై ఏడేళ్ళు, చూసిన ప్రతి ఇంటికీ ఆ మొదటి లైను రాశాను. ఆ నోటుబుక్కులు ఎవరికీ చూపించలేదు. చూపిస్తే సగం జిల్లా నా మొహం చూడదు. "ఇంటాయన మొహం నచ్చలేదు" అని రాసిన ఇళ్ళే వందలుంటాయి.

ఉరుకుందమ్మకు అప్పు వచ్చింది. మిల్లు పెట్టింది. చాలా ఏళ్ళ తర్వాత సిగ్గు చంపుకుని, ఇల్లు అమ్ముతావా అని అడిగాను. పకపకా నవ్వింది. "దుడ్లు ఎన్నిస్తేనేం మేడం, ఈ ఇల్లిడిస్తే ఎండకు నేనే వేరుశనగ్గింజ మాదిరి ఏగిపోతా."

వేంపల్లె గోడ

రెండో తప్పు అసూయ వల్ల కాదు, చదువు వల్ల.

వేంపల్లె దగ్గర చీనీ తోటల రైతు చెన్నారెడ్డి ఊళ్ళో ఒక పాత రాతి ఇల్లు కొనాలనుకున్నాడు. గోడలు దిట్టంగా ఉన్నాయి. రాళ్ళ మధ్య మట్టి, సున్నం అక్కడక్కడా రాలిపోయి సందులు కనిపిస్తున్నాయి. నిక్షేపంగా కొనమన్నాను. సందులన్నీ గీకించి సిమెంటు పూయించమన్నాను. ఆ పనికి వచ్చిన మేస్త్రి దస్తగిరి తాపీ కింద పెట్టాడు.

"వద్దు మేడమ్మా. ఈ గోడకు సున్నమే పుయ్యాల. సిమెంటు పూస్తే ఊపిరాడదు."

"గోడకు ఊపిరేందయ్యా?"

"నేల్లోనుంచి తడి పైకి వస్తాది. సందుల్లోనుంచి బయటికి పోతాది. సందులు మూసినామంటే యాడికి పోతాది?"

"దస్తగిరన్నా, చదివింది నువ్వా, నేనా?"

ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఆయన తాపీ తీసుకుని సిమెంటు కలిపాడు. పని బ్రహ్మాండంగా చేశాడు కూడా. నేను చెప్పింది తప్పని నిరూపించడానికి పని చెడగొట్టే రకం కాదు.

మూడో వానాకాలం తర్వాత చెన్నారెడ్డి ఫోను చేశాడు. పోయి చూస్తే గోడ నడుం దగ్గర ఉబ్బి, నెలలు నిండిన మనిషిలా ఉంది. ఇంట్లోవాళ్ళు సామాను పశువుల కొట్టంలోకి మార్చుకున్నారు. దస్తగిరి ఉలితో ఒక చోట సిమెంటు పెచ్చు లేపాడు. లోపలి మట్టి రాగిసంగటిలా మెత్తగా వేలికంటుకుంది. చెన్నారెడ్డి భార్య మంచినీళ్ళు తెచ్చిన చెంబు దస్తగిరి చేతిలోనే ఉంది. పెరట్లో మేము ముట్టుకోని పాత గోడ మీద సగం పోశాడు. సందులు నల్లబడి నీళ్ళు పీల్చుకున్నాయి. మిగతా సగం సిమెంటు పూసిన గోడ మీద పోశాడు. జరజరా జారి నా చెప్పులు తడిపాయి.

"చూసినావా మేడమ్మా? ఇది నీళ్ళు తాగల్యా. లోపల తడి బయటికి ఎట్ల వస్తాది?"

చెన్నారెడ్డి నన్ను ఒక్క మాట అనలేదు. ఆ గోడ విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. నేను మాత్రం ఆ రోజు నుంచి సంచిలో టేపుతో పాటు ఇత్తడి చెంబు పెట్టుకున్నాను. ఏ రాతి ఇంటికి పోయినా గోడ మీద నీళ్ళు పోయకుండా రిపోర్టు రాయలేదు. మహానందిలో ఒక ఇల్లాలు నేను గోడకు ఏదో శాంతి చేస్తున్నాననుకుని పసుపూ కుంకుమా పళ్ళెంలో పెట్టుకొచ్చింది. ఎందుకు కాదనాలి? బొట్టు పెట్టించుకున్నాను, గోడ తడి కూడా చూశాను.

బండలమ్మి

ఇక ఖైరున్నీసా. వాళ్ళ నాన్న బేతంచెర్లలో బండల పాలిష్ మిషన్ మీద పనిచేసేవాడు. డిప్లొమా చదివి, ప్లాన్లు గీసే కాంట్రాక్టు ఉద్యోగానికి మా ఆఫీసుకొచ్చింది. నాకంటే ఆరేడేళ్ళు చిన్నది. గోడ చదవడం నేనే నేర్పాను. చెంబు నీళ్ళు పోయడం, బండ కొట్టి వినడం, ఆఖరికి ఆ మొదటి లైను సంగతి కూడా. నాకంటే చెవి మంచిది. బండ పలకక ముందే "ఇది పోయింది అక్కా" అనేది. అప్పుడే కొంచెం కంటగింపుగా ఉండేది.

నాలుగేళ్ళకు ఉద్యోగం మానేస్తానంది. భర్తతో కలిసి నాపబండల వ్యాపారం పెడుతుందట.

"ఏమే, ఇంత చదివి బండలమ్ముకుంటావా?" అన్నాను.

"ఇంత చదివినాను గనకే ఏ బండ అమ్మాల్నో తెలుసు అక్కా" అంది.

అమ్మింది. ముందు బెంగుళూరుకు, తర్వాత ఓడల మీద విదేశాలకు. ఏడాదికి రెండుసార్లు పోర్చుగల్ పోయి వస్తుంది. నేనేమో ఆ ఏళ్ళన్నీ ఆఫీసు జీపులో గుంతల మీద ఎగురుతూ మోకాళ్ళు అరగదీసుకున్నాను.

ఈ ఏడాది ఒక సోమవారం మధ్యాహ్నం వీడియో కాల్ చేసింది. వెనక కొండలు, మబ్బు.

"అక్కా, ఇల్లు చూస్తాండా. కొనాల్నని ఉండాది. నువ్వు చూసి సరేనంటేనే. శుక్రవారం లోపల చెప్పాలంట. ఇంకెవరో దంపతులు కూడా అడుగుతాండారు."

ఫోను తిప్పి చూపించింది. నలుపూ గోధుమరంగూ కలిసిన రాయి, మన నాపరాయి లాగే పొరలు పొరలుగా. పైకప్పుకు పలచటి పలకరాళ్ళు. పాడుబడిన ఇంటిని ఒక ముసలి దంపతులు తొమ్మిదేళ్ళు తమ చేతులతోనే బాగుచేసుకున్నారట. ఇప్పుడు మెట్లు ఎక్కలేక అమ్ముతున్నారు. వంటింట్లో రొట్టెలు కాల్చే రాతి పొయ్యి. కిటికీల్లో మూరెడు లోతు అరుగులు, పిల్లి పడుకునేంత. నిజంగానే ఒక పిల్లి పడుకుని ఉంది.

"మా నాయిన ఎన్ని ఇండ్లకు బండలు నున్నగ చేసినాడో అక్కా," అంది ఖైరున్. "మేము మాత్రం రేకుల కింద ఉంటిమి. పదేండ్ల నుంచి దాచుకుంటాండా దీనికోసమని."

నేను ఆ మాట వినలేదు. విన్నాను, కానీ లోపలికి తీసుకోలేదు. నా కళ్ళు ఆ కిటికీ అరుగు మీద ఉన్నాయి. ఆలూరులో లేవబుద్ధికాని ఆ అరుగే ఇంకో దేశానికి పోయి, ఇంకొకరికి దొరుకుతోంది.

"గోడ దగ్గరకు పో," అన్నాను. పోయింది. రాళ్ళ సందుల్లో బూడిదరంగు పూత, కొత్తది, నున్నగా ఉంది.

"సిమెంటు," అన్నాను. "వేంపల్లె గోడ కత చెప్పినాను కదే నీకు? ఇదీ అంతే. మూడు నాలుగేళ్ళలో ఉబ్బుతుంది. వద్దు."

"నిజంగానా అక్కా? సున్నం పూసినామని వాళ్ళు అంటాండారే..."

"అమ్ముకునేవాళ్ళు ఏమైనా అంటారు. నా మాట విను, వద్దు."

ఖైరున్ మొహం చిన్నబోయింది. సరే అక్కా అని పెట్టేసింది. నేను లేచి కాఫీ కలుపుకుని తాగాను. చాలా రోజుల తర్వాత కాఫీ రుచిగా ఉంది. ఆ రుచి గుర్తుపెట్టుకోండి, దాన్ని గురించే చెబుతున్నాను. ఒక మనిషి పదేళ్ళుగా అనుకున్నదాన్ని రెండు నిమిషాల్లో కూలగొట్టాక కాఫీ రుచిగా ఉంటే, మీ రిపోర్టులో ఎక్కడో చెద ఉన్నట్టే. నేను ఆ రోజు నోటుబుక్కు తెరవలేదు. రిటైరయ్యాను కదా, ఎందుకులే అనుకున్నాను.

దస్తగిరన్న అడిగిన ప్రశ్న

గురువారం పొద్దున దస్తగిరన్న మా ఫ్లాటుకు వచ్చాడు. కిటికీ కింది బండ పగిలితే మార్చడానికి పిలిచాను. డెబ్బై దాటినా తాపీ వదల్లేదు. పని అయ్యాక టీ ఇచ్చి, ఖైరున్ పంపిన వీడియో చూపించాను. ఎందుకు చూపించానో దాచను: ఎంత దూరం నుంచైనా తప్పు పట్టగలనని ఆయన ఎదుట గొప్పలు పోవాలని. వేంపల్లె దాటి ఇన్నేళ్ళయినా ఆ గోడ నన్ను వదల్లేదు.

"చూడు దస్తగిరన్నా, సిమెంటు. ఇంత డబ్బు పోసి కొంటానంటోంది. వద్దన్నాను."

ఆయన ఫోనును కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. దూరం పెట్టి చూశాడు.

"నీళ్ళు పోపిచ్చినావా?"

"పోర్చుగల్‌లో నీళ్ళేం పోయిస్తాను? చూస్తే తెలీడంలా?"

"నాకు తెలీడంలా మేడమ్మా. మబ్బులో సున్నం గూడ ఇట్లనే కనపడతాది. ఇసక నల్లదైతే ఇంకా." టీ గ్లాసు కింద పెట్టాడు. "ఆ పిల్లకు నీళ్ళు దొరకల్యా ఆడ?"

అంతే. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. చెన్నారెడ్డి గోడ దగ్గర నా చెప్పులు తడిసినప్పుడు కూడా ఇంత చలి పుట్టలేదు. అక్కడ తెలియక తప్పు చేశాను. ఇక్కడ తెలిసే పరీక్ష మానేశాను. నీళ్ళు పోయిస్తే గోడ తాగుతుందేమోనని భయపడ్డాను.

అల్మరాలో నోటుబుక్కు తీశాను. మొదటి లైను రాయడానికి పెన్ను ఆడలేదు. మూడుసార్లు రాసి కొట్టేశాను. నాలుగోసారి రాసింది ఉంచాను.

మధ్యాహ్నం ఖైరున్‌కు ఫోను చేశాను. అక్కడ అప్పుడే తెల్లారి పొద్దెక్కుతోంది. ఆ ఊరు వదిలి విమానం ఎక్కే పట్నానికి వచ్చేసిందట. మూడు గంటల దారి.

"ఖైరూ, వాళ్ళకు వద్దని చెప్పేశావా?"

"లేదక్కా, ఇంగ చెప్పల్యా. నోరు రాకుండా ఉండాది. ఇప్పుడు చెప్తా."

"చెప్పొద్దు. వెనక్కి పో. గోడ మీద నీళ్ళు పొయ్."

"అక్కా, సోమవారం నేను ఆ గోడ కాడనే ఉంటి. చేతిలో నీళ్ళ సీసా ఉండె. అప్పుడెందుకు చెప్పల్యా?"

"తప్పయింది."

"ఇది పొరపాటు కాదక్కా, నీళ్ళు పోయకుండా నువ్వు గోడ ముట్టవు. నాలుగేండ్లు నీ ఎనకాల చెంబు మోసినాను. నిజం చెప్పు."

తప్పించుకోవడానికి నా దగ్గర చాలా మాటలు ఉన్నాయి. మాటలే నా బలం. మోకాళ్ళ నొప్పి, ఫోనులో సరిగా కనపడలేదు, మబ్బు. నోటుబుక్కు ఒళ్ళో తెరిచే ఉంది.

"కుళ్ళు," అన్నాను. "ఆ ఇల్లు నీకు రావడం నాకు ఇష్టం లేదు."

ఖైరున్ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. తిడుతుందనుకున్నాను, అదీ లేదు. "కారు మాట్లాడుకోవాల. పెట్టేస్తాండా," అని పెట్టేసింది. నా ఉద్యోగ జీవితంలో ఏ పైఅధికారి తిట్టినా అంత తగల్లేదు.

శుక్రవారం

మర్నాడు ఖైరున్ మళ్ళీ ఫోను చేస్తుందో లేదో తెలియదు. ఫోను పక్కనే పెట్టుకుని పప్పు మాడబెట్టాను. మూడు గంటలప్పుడు మోగింది. తెర మీద ఖైరున్ లేదు, గోడ ఉంది. పక్కన ఆ ఇంటి ముసలామె చేతిలో మట్టి కూజా పట్టుకుని, ఇదేం మనుషులని అనుకుంటున్న మొహంతో నిలబడి ఉంది.

"యాడ పోయమంటావు?" అంది ఖైరున్. మాట చివర అక్కా లేదు.

"కింద. మూరెడు ఎత్తులో."

పోసింది. నీళ్ళు సందులోకి దిగాయి. బూడిదరంగు పూత ముదురు రంగుకు తిరిగి, నెమ్మదిగా పక్కలకు పాకింది. ఒక్క చుక్క కూడా నేలకు జారలేదు. ఎండలో తిరిగొచ్చిన గొడ్డు కుడితి తాగినట్టు తాగింది గోడ.

"ఉత్తరం వైపు పో," అన్నాను. తాగింది. "పొయ్యి వెనక." తాగింది. "బాత్రూం వెనక." అక్కడ జరజరా జారింది. మంచం పరిచేంత మేర ఎవరో సిమెంటు రాశారు. ఖైరున్ అడిగితే ముసలామె సిగ్గుపడుతూ ఏదో చెప్పింది. మొగుడు జబ్బు పడ్డప్పుడు ఊళ్ళో ఒకతన్ని పిలిస్తే తొందరగా అలా పూసిపోయాడట.

"అది గీకించి సున్నం పూయించమను. గోడ ఇంకా ఉబ్బలేదు, భయం లేదు. మిగతా ఇల్లంతా బంగారం." ఆ ఆఖరి మాట అనబుద్ధి కాలేదు. కానీ చెప్పాను. "కొనుక్కో."

"రాసి పంపు," అంది. "మీ సారు నేర్పినట్ల."

నోటుబుక్కు పేజీ నింపాను. గోడల సంగతి, పైకప్పు సంగతి, బాత్రూం వెనక సిమెంటు సంగతి, ఏదీ పెంచకుండా, ఏదీ తగ్గించకుండా. సంతకం పెట్టి ఫోటో తీసి, పైలైను కనపడకుండా కత్తిరించబోయాను. ఆపేశాను. కత్తిరించకుండానే పంపాను. ఎవరికీ చూపించని లైను మొదటిసారి ఇంకొకరికి చూపించాను. నాలుగోసారి రాసి ఉంచింది అదే: "ఈ ఇల్లు నాకు కావాలి. ఖైరున్‌కు రాకూడదు. అందుకే సోమవారం నీళ్ళు పోయించలేదు."

ఐదు రోజులు జవాబు లేదు. ఆరో రోజు రెండు ఫోటోలు వచ్చాయి. ఒకటి తాళంచెవి, అరచేతి పొడవు ఉన్న ఇనుప తాళంచెవి. రెండోది ఒక గది. రాతి గోడలు, మంచం, కిటికీ, ఆ కిటికీలో లోతైన అరుగు. కింద ఖైరున్ గొంతు: "కొన్యానక్కా. పైన లైను చదివి రెండు దినాలు నీ పేరు తలవల్యా. మూడో దినం నవ్వొచ్చింది. ఇది నీ గది. ఎప్పుడన్నా రా."

పిల్లలూ, ఇక్కడ నా మనసు కరిగిపోయిందని రాయాలి కదా. ఆ ఫోటో పెద్దది చేసి చూశాను. గది చిన్నది. కొండ వైపు కాదు, పెరటి వైపు. కొండ కనిపించే పెద్ద గది తను ఉంచుకున్నట్టు ఆ సందేశం చివర చెప్పింది. పిల్లి కూడా ఆ గదిలోనే పడుకుంటుందట. మళ్ళీ మండింది.

నోటుబుక్కు తీసి కొత్త పేజీ తిప్పాను. మొదటి లైను రాసి, సంతకం పెట్టి, ఫోటో తీసి పంపాను: "గది చిన్నది. నాకు కొండ వైపుది కావాలి."

క్షణంలో జవాబొచ్చింది. "వచ్చి చూసి చెప్పు. ఫోనులో చూసి చెప్పేది చాలు."

పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టాను. చెంబు నాదే తెచ్చుకుంటానని చెప్పాను.